‘అక్రమ సంతానము’: కావ్యదృష్టి, శాసనదృష్టి

తెలుగున న్యాయవ్యవహారమునందు వివాహబాహ్యముగా కలిగిన బిడ్డలకు ‘అక్రమ సంతానము’ అను పేరు రూఢమైనది. క్రమము తప్పినది తల్లిదండ్రుల సంబంధము. విశేషణము చేరినది శిశువునకు. ఈ పదప్రయోగమునందలి దోషమును, దానిని వెన్నంటి వచ్చిన శాసనదోషమును నంద్యాల, ఆళ్లగడ్డ సీమల సాహిత్య సంప్రదాయముల నాధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

యాజ్ఞవల్క్యస్మృతి పండ్రెండు విధముల పుత్రులను పేర్కొన్నది. ఔరసునితో మొదలైన ఆ పట్టికయందు కన్యకు పుట్టిన కానీనునకును, పుట్టుక గుప్తమైన గూఢజునకును స్థానము కలదు. ఈ పేర్లు జన్మప్రకారమును తెలిపినవే కాని పుత్రత్వమును తొలగింపలేదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరా వ్యాఖ్యను రచింపగా, 13వ శతాబ్దిని కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. అయినను ఈ ఔదార్యమును మితిమీరి పొగడరాదు. శూద్రునకు దాసియందు కలిగిన కుమారునకు తండ్రి యిచ్ఛచొప్పున భాగమును, తండ్రి గతించిన పిమ్మట సోదరులవలన అర్ధభాగమును విధింపబడినవి. ద్విజులకు దాసియందు కలిగిన వానికి పోషణము మాత్రమే మిగిలినది. పేరు దక్కినంత మాత్రమున పాలు దక్కలేదు.

పింగళి సూరన నంద్యాల కృష్ణరాజున కంకితమిచ్చిన కళాపూర్ణోదయమును ఈ దృష్టితో చదువుట యవసరము. కలభాషిణి వేశ్యాకులమున పుట్టినది. మరుజన్మమున మదాశయ రూపానుభూతులకు మధురలాలసయై జనించి కళాపూర్ణునకు భార్య యైనది. దీనిని కథాసంవిధాన చాతుర్యముగా గ్రహించుట న్యాయమే. కాని గుణమున లోటు లేని యొక నాయికకు కులస్త్రీత్వము నొసంగుటకు కవి జన్మాంతరము నాశ్రయింపవలసి వచ్చెనన్న సంగతిని విస్మరింపరాదు. మణికంధరుడును కళాపూర్ణుడై పునర్జన్మ మెత్తెను గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. అయినను జన్మాంతరము అతనికి రాజ్యము నిచ్చినది. ఆమెకు కులము నిచ్చినది. అంతటి స్వతంత్ర కల్పనాశీలియగు కవికిని ఆ కట్టుబాటును ఒక్క జన్మమున దాటింప సాధ్యము కాలేదు.

ఆళ్లగడ్డ సీమలోని అహోబిలమున వేరొక దృష్టి గోచరించును. నరసింహస్వామి చెంచుపడుచును వరించెనని స్థలకథ. చెంచులు స్వామిని తమ యల్లునిగా భావింతురు. ఏటేట సంక్రాంతి దినములలో పారువేటకు బయలుదేరు స్వామి పల్లకి సుమారు 40 దినములు పరిసర గ్రామముల సంచరించును. తన కల్యాణమునకు అత్తవారిని పిలుచుటకే ఈ సంచారమని జనుల విశ్వాసము. ఇచట సంబంధమునకు గౌరవము ఊరూర బహిరంగముగా ఒప్పుకొనుటవలన కలుగుచున్నది. ఒప్పుకోలు బాధ్యత పెద్దలదని ఈ యాచారము తెలుపుచున్నది.

ఇక శాసనము. 1955 నాటి హిందూ వివాహ చట్టము 16వ విభాగము, వివాహము చెల్లదని న్యాయస్థానము డిక్రీ యిచ్చినప్పుడే బిడ్డలకు సక్రమత్వము నొసగెను. 1976 సవరణము ఆ డిక్రీతో నిమిత్తము లేకుండ జేసెను. అయితే హక్కు తల్లిదండ్రుల ఆస్తికే పరిమితము. 2011లో రేవణసిద్ధప్ప వ్యాజ్యమునందు సర్వోన్నత న్యాయస్థానమునకు చెందిన ఇద్దరు న్యాయమూర్తులు ఈ పరిమితిని విశాలముగా వ్యాఖ్యానించి, విషయమును విస్తృత ధర్మాసనమునకు నివేదించిరి. 2023 సెప్టెంబరు 1న ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. మితాక్షర కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో తండ్రికి లెక్కకు వచ్చు భాగమునందును ఈ బిడ్డలకు పాలు కలదు. కాని జన్మముచేత వారు సహదాయాదులు కారు.

ఈ సంస్కరణము గొప్పదే, సంపూర్ణము కాదు. చెల్లని వివాహమైనను ఒక వివాహము జరిగినగాని 16వ విభాగము వర్తింపదు. ఏ తంతును లేని సంబంధమున పుట్టిన బిడ్డకు 1956 నాటి వారసత్వ చట్టము తల్లితోడి బంధుత్వమును అంగీకరించినది. తండ్రినుండి ఆ సంవత్సరపు పోషణ చట్టము భరణమును కల్పించినది. భరణము వేరు, వారసత్వము వేరు. మరియు కేంద్రప్రభుత్వము ప్రకటించిననే తప్ప ఈ వివాహ, వారసత్వ చట్టములు షెడ్యూల్డు తెగలకు వర్తింపవు. కావున అహోబిల పరిసరముల చెంచుబిడ్డకు 16వ విభాగపు రక్ష తనంత తాను లభింపదు. ఆ తెగ యాచారమే ఆధారము. దానిని న్యాయస్థానమున నిరూపించు భారము బీదవానిదే.

న్యూజిలాండు 1969లోనే బిడ్డల మధ్య ఈ భేదమును తొలగించుటకు శాసనము చేసెను. 1987లో ఇంగ్లండు ఆ మార్గమున నడచెను. మన శాసనమో వివాహమునే కొలబద్దగా నిలుపుకొని, దాని నీడను మాత్రము కొంత విస్తరించినది. చెల్లని వివాహపు బిడ్డను ‘సక్రముడు’ అని ప్రకటించుటయందే తంతు లేని బిడ్డను ‘అక్రముడు’గా నిలుపుట యిమిడియున్నది.

కావున పదసంస్కారము, శాసనసంస్కారము కలసి నడువవలెను. మాతాపితృత్వము నిరూపితమైనచో బిడ్డ హక్కునకు వేరొక యర్హతను కోరరాదు. సూరన కలభాషిణికి మరుజన్మము నీయగలిగెను. శాసనమున కట్టి శక్తి లేదు. అది ఇయ్యదలచినది ఈ జన్మముననే ఈయవలెను.