పీఠిక: కారాగారానికి ఆవలి బాధ్యత

నేరాన్ని గురించీ శిక్షను గురించీ ధర్మశాస్త్రాలు మొదలుకొని నేటి న్యాయస్థానాల తీర్పుల దాకా మనకు అపారమైన వాఙ్మయం ఉన్నది గాని, శిక్షాకాలం ముగించుకొని చేతిసంచితో జైలు గేటు దాటిన మనిషి ఆ రాత్రి ఎవరి గుమ్మం తొక్కాలో విచారించిన గ్రంథాలు తెలుగులో విరళం. పునరావాస రంగంలో చిరకాలం శ్రమించిన ఈ గ్రంథకర్త ఆ విచారణకు పూనుకొనడం నాకు పరమ సంతోషం.

ఈ కృషికి మన గడ్డమీదనే ఒక పూర్వపరంపర ఉన్నది. ఉప్పు, ధాన్యం పశువులపై మోయించి ఊరూరా వర్తకం చేసిన ఎరుకల కుటుంబాలు, రైలుమార్గాల రాకతో ఆ జీవిక చితికిపోగా, నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర మోసి, 1913లో వెలసిన స్టువర్టుపురంలో క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణ కింద, హాజరు పలుకుతూ, అనుమతి లేనిదే పొలిమేర దాటరాని బతుకు బతికాయి. పొలమిచ్చారు, చీరాల పొగాకు కర్మాగారంలో పని చూపారు. అయినా సంస్కరణ పేరిట అందినది తెగ మొత్తానికి విధించిన నిర్బంధమే గనుక ఆ మచ్చ మాయలేదు. 1952లో చట్టం రద్దయినా అనుమానం రద్దు కాలేదు. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, నాస్తికవాది గోరా కుమారుడైన తన భర్త లవణంతో కలిసి 1970వ దశకంలో ఆ ఊరి మనుషుల చెంతకు వెళ్లి, వారి మనసు మారడాన్నీ, మారినవారి ఉపాధినీ, వారి బిడ్డల చదువునూ విడదీయరాని ఒకే కార్యంగా భావించి పాటుపడ్డారు. ఈ గ్రంథకర్త శ్రమ ఆ కోవలోనిదే.

మన జైళ్లలో శిక్షణకు కొరత లేదు. వడ్రంగం, నేత నేర్పుతున్నారు; చంచల్‌గూడ వంటి చోట్ల జైళ్ల శాఖ పెట్రోలు బంకులే నడుపుతున్నది. అయితే చేతికి పని వచ్చినా, అద్దెకు ఇల్లు దొరకక, పాత కేసుల వాయిదాలకు తిరిగే బస్సు ఛార్జీలు లేక, కన్నవారే ముఖం చాటేయగా, సస్పెక్ట్ షీటు పేరిట ఠాణా నుంచి మళ్లీ మళ్లీ కబురు వస్తుంటే ఆ పని ఎంతకాలం నిలుస్తుంది? అందుకే విడుదలకు నెలల ముందే ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క సహాయకుడు తోడుకావాలనీ, యజమానితోనూ ఇంటివారితోనూ మాట్లాడే పూచీ అతడు వహించాలనీ, విడుదలైన తరువాత కూడా ఆ తోడు కొనసాగాలనీ గ్రంథకర్త సోదాహరణంగా, సహనంతో నిరూపించారు. నేను మిక్కిలి గౌరవించినది, తోడు దొరికినా తిరిగి జైలుకు వెళ్లినవారి గాథలను దాచక చెప్పిన అధ్యాయం. విజయాలను మాత్రమే ఏరి కూర్చిన పుస్తకానికి ఆ విశ్వసనీయత దక్కదు.

మహిళా ఖైదీల విషయం మాత్రం సంగ్రహంగా ముగిసింది. విడుదలైన స్త్రీని పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ కాదన్నప్పుడు ఆమె బిడ్డల గతి ఏమన్నది విస్తృత పరిశీలనకు అర్హమైన ప్రశ్న. రెండవ ముద్రణలో దానికి ప్రత్యేక ప్రకరణం కేటాయించవలసిందిగా గ్రంథకర్తను కోరుతూ, ఈలోగా ఈ పుస్తకం ప్రతి జైలు సంక్షేమాధికారి చేతికీ, ప్రతి జిల్లా గ్రంథాలయానికీ చేరాలని ఆకాంక్షిస్తున్నాను.