ఒక బండి గుండె మరో బండికి

అనంతపురం మెట్టలో పదును వాన పడ్డాక వేరుశనగ విత్తడానికి దొరికేది కొద్ది రోజులే. అప్పుడు పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ మొరాయిస్తే, మూలనపడ్డ ఇంకో మాస్సీ ఇంజిన్‌ను దీనికెక్కించే బుక్కరాయసముద్రం మెకానిక్ చేతులకు మొక్కాలి.

ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు. ముందు ఇరుసుకూ గేర్‌బాక్సుకూ నడుమ బోల్టులతో బిగిసి, బరువంతా ఇంజినే మోస్తుంది. అందుకే దాన్ని దించాలంటే జాకీలు, మొద్దులు పెట్టి బండినే ముక్కలుగా విడదీయాలి. బోల్టు రంధ్రాలు కలిస్తే చాలదు; ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, షాఫ్టు పళ్లు కూడా కుదరాలి. 1960లో మద్రాసులో పుట్టిన ట్రాక్టర్ల కంపెనీ టాఫే తన మాస్సీలకు సింప్సన్ ఇంజిన్లు వాడింది. వాటి మూలం బ్రిటన్ కంపెనీ పెర్కిన్స్. ఒక మాస్సీ ఇంజిన్ మరో దానికి కుదరడానికి ఆ చుట్టరికమే ఇక్కడ అక్కరకొస్తుంది.

పక్కనే గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మెకానిక్ షెడ్డులో మాత్రం అరిగిన పన్నును వేలితో తడిమి తేలుస్తారు. నాకు ఆ నేర్పూ అంతే గొప్పది.