హద్దులెరిగిన రాత

ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లలో చాలామంది ఇల్లో, పొలమో, తెగని తగాదానో వదిలి విమానం ఎక్కుతారు. ఆ బరువును భార్యకో తమ్ముడికో అప్పగించేది జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. తన తరఫున సంతకం చేసే హక్కును ఇంకొకరికి ఇచ్చే ఈ కాగితం రాయడంలో ఎంత పనితనం ఉందో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది.

మంచి దస్తావేజు లేఖరి ముందు కలం తీయడు. "అమ్ముడా, కౌలుకిచ్చుడా, బ్యాంకుల కుదువ పెట్టుడా?" అని అడుగుతాడు. అమ్మే అధికారం రాసినంత మాత్రాన కుదువ పెట్టే అధికారం రాదు. కోర్టులు ఈ పత్రాన్ని రాసిన మాట దాటి చదవవు. అందుకే ఒక్కో పనికి ఒక్కో క్లాజు, ఆస్తికి సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు. పాసుబుక్కులో ముందుండే ఇంటిపేరు పాస్‌పోర్టులో చివరికి పోవచ్చు, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగలొచ్చు. ముగ్గురిలా కనబడే ఆ మనిషి ఒక్కడేనని మొదటి పేరాలోనే తేల్చేస్తాడు.

"సంతకం ఎక్కడ పెడ్తవ్ తమ్మీ?" అన్న ప్రశ్నలో అసలు నేర్పుంది. యజమాని తరఫున రిజిస్ట్రేషన్‌కు దస్తావేజు దాఖలు చేసే అధికారమైతే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, ఇక్కడ ఉండేవాళ్లు సబ్ రిజిస్ట్రారు ఎదుట రాసివ్వాలి, నోటరీ ముద్ర చాలదు. దుబాయిలో ఉంటే అక్కడి నోటరీ గానీ భారత కాన్సులేటు గానీ సరిపోతుంది. ఆ కాగితం మన దేశం చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి.

నోటరీ దగ్గరికి పోయే కాగితంలో ఖాళీ గీతలుండవు, కొట్టివేత ఉంటే పక్కన పొడి సంతకం ఉంటుంది. అసలు సంతకం మాత్రం ఇంట్లో పెట్టుకొని రాకూడదు, నోటరీ కళ్లముందే పెట్టాలి. 5 సెంటీమీటర్ల గుండ్రటి ముద్రకు విలువ అక్కడే. అలా ధ్రువీకరించిన పత్రం సరిగానే రాశారని సాక్ష్య చట్టం కింద కోర్టు మొదట నమ్ముతుంది.

ఆఖరున, ఏం చేయకూడదో, ఎప్పటిదాకా చెల్లుతుందో చెప్పే క్లాజులు. జీపీఏతో ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. సాధారణంగా ఇచ్చిన మనిషి పోతే అధికారమూ పోతుంది. ఇవన్నీ సంతకానికి ముందే చదివి వినిపించేవాడే నికార్సైన లేఖరి.