వెదురు తొడిగిన ఉక్కు

బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో రెండో టెర్మినల్‌ను 2022 నవంబర్ 11న ప్రారంభించారు. 'తోటలో టెర్మినల్' అని దానికి పేరు. కప్పు నిండా వెదురు జాలీ, స్తంభాలకు వెదురు తొడుగు, పైనుంచి వేలాడే మొక్కలు, ప్రయాణికులు విమానం గేట్లకు వెళ్ళే దారిలో చెట్ల వనం. 2023లో లోపలి అలంకరణకు ప్రి వెర్సాయ్ అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది.

మంచిని మంచి అనాలి. జాలీలోంచి ఎండ వడకట్టినట్టు దిగుతుంది, పగలు దీపాల అవసరం తగ్గుతుంది. వాననీటిని పట్టి వాడుకునే ఏర్పాటు ఉంది. ఏ నగరంలో చూసినా ఒకే అద్దాల పెట్టెలా ఉండే విమానాశ్రయాల మధ్య ఇది నిజంగా వేరు. వెదురును ఎంచుకోవడమూ తెలివైన పనే. అది గడ్డి జాతి. పద్ధతిగా నరికితే పొద చావదు, వానలకు మళ్ళీ పిలకలు వేస్తుంది. ఈ సంగతి మన అవ్వలకు కొత్త కాదు, ఇంజనీర్లకే కొత్త.

అయితే ఆ కప్పును మోసేది వెదురు కాదు, ఉక్కు. పైన కనబడేది కూడా మనం ఎరిగిన బొంగు కాదు. చీల్చి, శుద్ధిచేసి, జిగురుతో ఒత్తిన పట్టీలు. మన కొండరెడ్ల, కోయల ఇళ్ళలో వెదురు వాసమై బరువు మోస్తుంది, తడికై గాలి ఆపుతుంది, బుట్టై గింజలు దాస్తుంది. అక్కడ అది ఉక్కును కప్పుతుంది. అంత వెడల్పు కప్పును బొంగుల మీద నిలబెట్టమని మేము అడగడం లేదు. అలంకారాన్ని అలంకారమనే పిలవమంటున్నాం. ఇంకొకటి: భవనాలకిచ్చే హరిత ధ్రువపత్రం కరెంటు, నీరు, సామగ్రి లెక్కలు చూస్తుంది. గాలిలోకి లేచిన విమానం కాల్చే ఇంధనం ఆ లెక్కలోకి రాదు.

మాకు అసలు పట్టింపు వేరే. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది. దాంతో పొయ్యి పక్కన తడిక అల్లుకునే మనిషి కూడా గార్డు ముందు దొంగలా నిలబడ్డాడు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించి అమ్ముకునే హక్కు మనకు రాసిచ్చింది. అయినా గడ్చిరోలి జిల్లాలోని గోండుల ఊరు మెండా లేఖా గ్రామసభకు వెదురు రవాణా పర్మిట్ పుస్తకం చేతికి రావడానికి 2011 ఏప్రిల్ దాకా పట్టింది. 2017 సవరణ 'చెట్టు' నిర్వచనంలోంచి వెదురును తీసేసింది గానీ, దాని మేలు అడవి బయట, సొంత నేలలో పెంచుకునేవారికే. అడవిలో కొట్టే వెదురుకు గ్రామసభ హక్కే మనకున్న ఆధారం.

కాబట్టి వెదురు కప్పు కింద నిలబడినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అందం గురించి కాదు. ఏ అడవిది, ఎవరు కొట్టారు, బొంగుకు ఎంత ముట్టింది? బడిలో టీచర్లు ఇలాంటి భవనం బొమ్మ చూపినప్పుడు పిల్లల చేత ఈ మూడూ అడిగించాలి.

మనకు దగ్గరలోనే భోగాపురం విమానాశ్రయం ఉంది. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. 1922లో ఆయన వెంట మన పెద్దలు లేచింది అడవి ఆంక్షల మీదే. రేపు ఆ హాల్లో వెదురు పెడతారో, గిరిజన నృత్యం బొమ్మలు పెడతారో. పెట్టేముందు ఆ వెదురును ఏజెన్సీ గ్రామసభల దగ్గర, వాళ్ళు చెప్పిన ధరకు కొంటారా?