ఫ్రెంచివనితల భోజనసూత్రములు – మన యింటి పంక్తి

ఆహారమును, సౌందర్యమును, సుఖజీవనమును ఒకే దారమున గ్రుచ్చి చెప్పిన గ్రంథములలో మిరెయ్ జూలియానో రచించిన ‘ఫ్రెంచ్ విమెన్ డోంట్ గెట్ ఫ్యాట్’ మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. 2004 సంవత్సరాంతమున అమెరికాలో వెలువడి, పెక్కు భాషలలోనికి అనువదింపబడినది. ఫ్రాన్సులో పుట్టిన రచయిత్రి విద్యార్థినిగా అమెరికా కేగి, అచ్చటి తిండ్లవలన బరువు పెరిగి, స్వదేశమునకు మరలి కుటుంబవైద్యుని హితవుచే పూర్వరూపము పొందెను. ఆ అనుభవమే గ్రంథమునకు పునాది.

ఆమె ఉపవాసములను బోధింపలేదు. ఋతువునకు తగిన కూరగాయలను సంతలో ఏరి తెచ్చుకొనుట, కొంచెముగా వడ్డించుకొనుట, కూర్చుండి నిదానముగా రుచి నెరిగి తినుట, నడచుట, నీరు త్రాగుట – ఆమె సూత్రము లింతియే. రొట్టెను గాని చాక్లెట్టును గాని మానుమనలేదు. తినిన పిదప పశ్చాత్తాపపడుటను మానుమన్నది. ఈ పలుకు మాకు నచ్చినది.

అయితే గ్రంథనామమునందే అతిశయోక్తి కలదు. 2020 నాటి ఒబెపి సర్వేలో ఫ్రాన్సు వయోజనులలో సుమారు 17 శాతము మంది స్థూలకాయులని తేలినది. ఒక జాతి స్త్రీలనందరిని ఒకే అచ్చున పోయుట విమర్శకు నిలువదు. షాంపేను వ్యాపారసంస్థకు అధినేత్రిగా నుండిన రచయిత్రి కొనగలిగిన దానిని కర్మాగారమున పనిచేయు వనిత కొనగలదా?

మన భాషలో ఇట్టి పనికి పూనుకొన్నవారు మాలతీ చందూరు (మరణము 2013). చెన్నపట్టణమున నివసించి, 1952 మొదలు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దములపాటు నడిపిరి. ‘వంటలు–పిండివంటలు’ అను వారి గ్రంథము ఎన్నో ముద్రణలు పొందినది. పుట్టినింటికి దూరముగా కాపురమునకు వచ్చిన కోడండ్రకు అది ప్రక్కనున్న తల్లి వంటిది. జూలియానో తన జాతిని ఆదర్శముగా నిలిపెను. మాలతీ చందూరు పాఠకురాండ్ర ప్రశ్నలకు బదులు చెప్పిరి. ఈ రెండవ పద్ధతియే మాకు మేలుగా తోచుచున్నది.

ఇక మన సంగతి. కాట్టుపల్లి మొదలు తిరుత్తణి వరకు గల తెలుగిండ్లకు ఈ సూత్రములు క్రొత్తవి కావు. రాగిసంగటి, ఆకుకూరపప్పు, చారు, మజ్జిగ, తలంటునాటి సున్నిపిండి – ఇవన్నియు ఋతువును, మితమును ఎరిగినవే. లోటు పదార్థములలో లేదు, పంక్తిలో నున్నది. ఇంటిల్లిపాదికి వడ్డించి, అందరు లేచిన పిదప చల్లారిన అన్నము తినుట ఇల్లాలి ధర్మమని మన మనుకొంటిమి. మిగిలిననాడు పారవేయరాదని ఆకలి లేకున్నను తినును. మిగులనినాడు మజ్జిగతో సరిపెట్టుకొనును. ఇందు మిత మెక్కడ? రుచి యెక్కడ?

2010లో యునెస్కో ఫ్రెంచివారి విందుభోజనమును మానవజాతి వారసత్వముగా గుర్తించినపుడు, వంటకములతో పాటు, కలసి కూర్చుండి తిను ఆచారమునకును ఆ గౌరవము దక్కినది. మనము ఎరువు తెచ్చుకొనదగినది ఆ ఆచారమే. వంటపుస్తకము వండుట నేర్పును. వండిన యామెకు వేడియన్నము పెట్టుట ఇంటివారందరు నేర్వవలసిన విద్య. రాబోవు ఉగాది విందునందైనను మన సంఘమున వనితలు మొదటి పంక్తిలో కూర్చుందురు గాక. పురుషులు వడ్డింతురు గాక.