హంపీలో చూపునది, చూపనిది

యాత్రలు మన దేశమున క్రొత్తవి కావు. కాశికి పోయినవానికి పండాయు, గయకు పోయినవానికి పురోహితుడును స్థలమాహాత్మ్యమును చెప్పుచునే యుండిరి. ఇప్పు డా వరుసలో మఱియొకటి చేరినది. చరిత్రను చూడగోరువారు గుంపులుగా బస్సులెక్కి, ఒక మార్గదర్శకుని వెంట నడచి, పాత రాజధానులను చుట్టి వచ్చుచున్నారు. స్థలపురాణమును భక్తితో వినువారు దానిని విమర్శింపనక్కఱలేదని తలచిరి. చరిత్రపేర చెప్పబడు మాటకు మాత్రము విమర్శ యుండవలెను. ఏలయన, బడి విడిచిన పిమ్మట చరిత్రగ్రంథమును చేతబట్టని గృహస్థులకును, గృహిణులకును, వారి బిడ్డలకును ఈ రెండుదినముల యాత్రయే చరిత్రపాఠశాల. గ్రంథములకు సమీక్షలు వ్రాయుదుము, నాటకములకు వ్రాయుదుము. వేలకొలది కుటుంబములు చెవియొగ్గి వినుచున్న యీ యుపన్యాసమునకు ఏల వ్రాయరాదు?

ఇందులకు మేము హంపీని గైకొంటిమి. సంప్రదాయము చెప్పునట్లు 1336లో స్థాపితమై, 1565 వఱకు విజయనగర ప్రభువులకు రాజధానియైన యీ పట్టణము నేడు కర్ణాటకరాష్ట్రమున తుంగభద్ర యొడ్డున శిథిలములై పరచుకొనియున్నది. 1986లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వస్థలముల పట్టికలో చేర్చిరి. ఆముక్తమాల్యదను రచించిన రాజు ఏలిన పట్టణమగుటచే, దానిని కన్నులార చూడవలెనని తెలుగువారికి కోరిక గలుగుట సహజము. మేము కలిసికొన్న గుంపులో ముప్పదిమంది యుండిరి. అందు సగమునకు పైగా స్త్రీలే. మార్గదర్శకుడు యోగ్యుడు. నాలుగు భాషలు మాటలాడును. వృద్ధులను నీడపట్టున నిలిపి చెప్పును. పిల్లల ప్రశ్నలకు విసుగుకొనడు. కావున మా విమర్శ ఆతనిపై గాదు, ఆతనిచేత చెప్పింపబడుచున్న కథపై. ప్రక్కగుంపులను నడపువారును ఇంచుమించుగా ఆ కథనే ఆ వరుసలోనే చెప్పుచుండగా వింటిమి.

ఆ కథ అద్భుతములతో ఆరంభమగును. విఠలాలయములోని రాతిరథము ఏకశిలయని చెప్పుదురు. అక్కడి సంగీతస్తంభములను తట్టనీయరు గనుక తట్టినచో ఏ స్వరము పలుకునో నోటితో వర్ణింతురు. శ్రోతలు ఔరా యనుకొని ఛాయాచిత్రములు తీసికొందురు. నిజమునకు ఆ రథము పెక్కురాళ్లను అతుకు తెలియకుండ కూర్చి కట్టిన గరుడాలయము. 1856లో గ్రీన్‌లా అను దొర తీసిన ఛాయాచిత్రమున దాని నెత్తిన ఇటుకశిఖర మొకటి కనబడుచున్నది. అది నేడు లేదు. ఏకశిలయనుటకన్న ఈ సత్యమే హెచ్చు అద్భుతము గాదా? అతుకు కనబడకుండ రాతిని రాతికి చేర్చిన చేతులు ఎవరివి, ఆ పని వారెట్లు నేర్చిరి అను ప్రశ్న దానివలన పుట్టును. ఏకశిల యన్నంతనే ప్రశ్న ఆగిపోయి ఆశ్చర్య మొక్కటే మిగులును. 2017 తరువాత వచ్చిన యాబదిరూపాయల నోటుపై ఆ రథము బొమ్మ యున్నదని మాత్రము ఎవరును చెప్పుట మఱువరు.

అద్భుతముల తరువాత ఐశ్వర్యము. బజారులో రత్నములు రాసులుపోసి అమ్మిరను మాట వినని యాత్రికుడు హంపీనుండి తిరిగి రాడు. దానికి ఆధారము లేకపోలేదు. 1520 ప్రాంతమున ఇచ్చటికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు పేస్, ఈ పట్టణపు వీథులలో వజ్రములును కెంపులును ముత్యములును అమ్ముట చూచి వ్రాసెను. ఆతని వ్రాతయు, ఆతనికి తరువాత పదునైదేండ్లకు వచ్చిన న్యూనిజ్ వ్రాతయు 1900లో రాబర్టు సూయెల్ ప్రకటించిన గ్రంథమువలన లోకమునకు తెలిసినవి. కాని ఆ పేసే మఱియొకటి కూడ చూచెను. కృష్ణదేవరాయలు కట్టించుచున్న పెద్దచెఱువు కడ పదునైదు ఇరువదివేలమంది కూలీలు చీమలబారువలె నేల కనబడకుండ పనిచేయుచుండిరని చెప్పెను. చెఱువు రెండుమూడు మారులు తెగగా, దేవతకు కోపము వచ్చినదని బ్రాహ్మణులు చెప్పిరనియు, అందుపై అఱువదిమంది మనుష్యులను, గుఱ్ఱములను, దున్నలను గుడివాకిట బలియిచ్చిరనియు వ్రాసెను. ఆ మనుష్యులు మరణశిక్షకు పాత్రులైన ఖైదీలని న్యూనిజ్ చెప్పెను. విదేశీయుల వ్రాతలలో అతిశయోక్తి యుండవచ్చును. ఐనను ఒకే సాక్షి చెప్పిన రత్నములను నమ్మి, బలులను నమ్మమనుట న్యాయము గాదు. సాక్షిని పిలిచినప్పుడు ఆతని వాఙ్మూలమంతయు వినవలెను.

నీటిమాట వచ్చినది గనుక ఇంకను చెప్పవలసియున్నది. మా దృష్టిలో హంపీయందు అన్నిటికంటె గొప్పది రథమును గాదు, మహానవమి దిబ్బయు గాదు; నీరు. గుట్టలు, బండలు నిండిన ఆ నేలను పెద్ద రాజధానికి తగినట్లుగా మార్చినది తుంగభద్రనుండి తీసిన కాలువలు, కమలాపురపు చెఱువు, రాతిస్తంభములపై నిలిపిన రాతిదోనెలు. రాజప్రాసాదముల ఆవరణలో 1980 తరువాతి త్రవ్వకములలో బయటపడిన మెట్లకోనేరు చూడదగినది. దాని రాళ్లపై ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో నిలువవలెనో తెలుపు గుర్తులును అక్షరములును చెక్కబడియున్నవి. అవి శాసనములు గావు, ప్రశస్తులు గావు; పనివారు పనివారికి వ్రాసికొన్న మాటలు. పేరులేని ఆ శిల్పుల వ్రాత మన కన్నులయెదుట నుండగా, మా గుంపు అచ్చట నిలిచినది నాలుగు నిముసములు. తుర్తు కాలువ నాటినుండి నేటివఱకు పారుచు అరటితోటలను, వరిపొలములను తడుపుచున్నది. దానిని చూపనేలేదు. చెఱువులు త్రవ్వించి, కాలువలు తీయించి, పేదసేద్యగానికి పన్ను తగ్గించిననే రాజ్యము వృద్ధిపొందునని రాయలవారే ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పెను. తెలుగు యాత్రికులకు అష్టదిగ్గజముల కథలు చెప్పి ముఱిపించుటకన్న, ఆ పద్యము నెఱిగినవారిని ఆ కాలువగట్టుపై నిలుపుట మేలుగాదా?

స్త్రీలనుగూర్చి ఈ యాత్ర చెప్పునది మఱింత విచారకరము. "రాణుల స్నానగృహము", "అంతఃపురపు ఆవరణ", "కమలమహలు" అని మూడుచోట్ల నిలిపి, రాణులెందఱో, వారి సుగంధద్రవ్యము లెట్టివో, వారిని కాపాడిన నపుంసకు లెవరో చెప్పుదురు. వినుచున్న పురుషులు నవ్వుదురు. స్త్రీలు తల లటు త్రిప్పుకొందురు. ఆ కట్టడములకు ఆ పేర్లు తరువాతి కాలమువారు ఊహతో పెట్టినవి. స్నానగృహము రాణులకే ప్రత్యేకమనుటకు ఆధారము చాలదని పరిశోధకులు చెప్పుచున్నారు. సరే, ఊహను విడిచి, చూచినవాడు వ్రాసినదానిని వినవచ్చును గదా! రాజగృహములోని వ్యయములకు లెక్కలు వ్రాయు స్త్రీలును, రాజ్యవ్యవహారములను లిఖించి తమ పుస్తకములను బయటి వ్రాయసగాండ్ర పుస్తకములతో సరిచూచు స్త్రీలును, మల్లయుద్ధము చేయు స్త్రీలును, జ్యోతిషము చెప్పు స్త్రీలును, కావలికాయు స్త్రీలును ఉండిరని న్యూనిజ్ వ్రాసెను. పదునాలుగవ శతాబ్దమున కంపరాయల భార్య గంగాదేవి మధురావిజయమును, పదునాఱవ శతాబ్దమున అచ్యుతరాయల కాలమున తిరుమలాంబ వరదాంబికాపరిణయమును సంస్కృతమున రచించిరి. మా గుంపులో ఇద్దఱు బ్యాంకు ఉద్యోగినులు, ఒక ఉపాధ్యాయిని యుండిరి. అయిదువందలయేండ్ల క్రిందట ఈ గోడలలోపల తమవంటివారు లెక్కపుస్తకములు వ్రాసిరని తెలిసియుండినచో, వారు ఆ శిథిలములను వేఱుకన్నుతో చూచియుందురు.

ఇంతమాత్రముచేత ఆ యుగము స్త్రీలకు స్వర్ణయుగమని మేము చెప్పబోము. భర్తలతో భార్యలు దహింపబడుటను అదే న్యూనిజ్ వర్ణించెను. హంపీ పరిసరములలోని సతీశిలలు ఆ వ్రాతకు సాక్ష్యము. లెక్కపుస్తకమును, చితియు ఒకే పట్టణమున నుండెను. ఈ రెండును కలిపి చెప్పుటకు సాహసించినప్పుడే అది చరిత్ర యగును. ఒకటి దాచి ఒకటి చెప్పినచో అది పొగడ్తయో తెగడ్తయో యగును గాని చరిత్ర కాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమగునది కథాంతము. 1565 జనవరిలో జరిగిన యుద్ధమును మార్గదర్శకుడు ఉగ్రనరసింహుని విఱిగిన విగ్రహము ముందర నిలిచి చెప్పును. ఆతని గొంతు మాఱును. నగర మాఱు నెలలు మండెననును. "వాళ్లు" వచ్చి "మనల"ను నాశనము చేసిరనును. మా గుంపులో పదేండ్ల బాలు డొకడు, "నాన్నా, వాళ్ళు ఇప్పు డెక్కడున్నారు?" అని తండ్రి నడిగెను. ఆ తండ్రి, "మన చుట్టూనే ఉన్నారురా" అనెను. ఇద్దఱుముగ్గురు తల లూపిరి. తరువాత అందఱును కొబ్బరిబోండములకై బయలుదేఱిరి. ఆ యాత్రలో ఆ బాలునికి కలకాలము గుర్తుండబోవు పాఠము ఇదియే యని మా భయము.

నగరము దోచబడినది, పగులగొట్టబడినది. అది ఎవరును కాదనరాదు, దానికి దుఃఖింపకయుండరాదు. కాని ఆ బాలునికి చెప్పవలసినది ఇంకను గలదు. ఆ విగ్రహమునకు కొలదిమైళ్లలో, ఆ పట్టణములోనే, 1439లో అహమ్మదుఖాను అను ఉద్యోగి రెండవ దేవరాయలకు పుణ్యము గలుగుటకై కట్టించిన మసీదు నేటికి నిలిచియున్నది. దానిని కన్నడశాసనము ధర్మశాల యనుచున్నది. దాని స్తంభములు దేవాలయ స్తంభముల తీరున నున్నవి. దేవరాయల సైన్యమున ముసల్మాను విలుకాండ్రుండిరి. ఈ రాజులే తమకు "హిందూరాయ సురత్రాణ" యను బిరుదము పెట్టుకొనిరి. సురత్రాణ మనగా సుల్తాను. యాత్రికులు మెచ్చుకొను కమలమహలు కమానులు, ఏనుగుసాల గుమ్మటములు ఎవరి శిల్పరీతినుండి వచ్చినవో కన్నున్నవానికి చెప్పనక్కఱలేదు.

తెలుగువారు ప్రత్యేకముగ నెఱుగవలసిన మాట మఱియొకటి కలదు. గోలకొండ ఇబ్రహీం కుతుబుషా 1543 మొదలు 1550 వఱకు అన్నకు వెఱచి ఈ విజయనగరముననే అళియరామరాయల శరణున నుండెను. తెలుగు నేర్చెను, తెలుగుకవులను ఆదరించెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితము చేసెను. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచిరి. ఆయన కొలువులోని అమీనుఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగున యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. ఆ ఇబ్రహీమే 1565లో రామరాయలకు ఎదురునిలిచిన సుల్తానులలో ఒకడు. రామరాయలు అంతకుముందు ఒక సుల్తానును మఱియొకని మీదికి ఉసికొల్పి పెక్కేండ్లు రాజ్యము నడపెను. కృతఘ్నత, అధికారదాహము, అవమానము, భయము — ఇవన్నియు ఆ యుద్ధమున గలవు. "వాళ్లు", "మనము" అను రెండు పదములలో ఆ కథ ఇమడదు. ఆతిథ్యమిచ్చినవాడును అతిథియు శత్రువులైన ఆ విషాదము పదేండ్ల బాలునికిని అర్థమగును. అది విన్న పిల్లవాడు పొరుగింటివానిని అనుమానింపడు.

జీవించియున్న వారి మాటయు ఈ యాత్రలో లేదు. "శిథిలనగరము" అని పలుమారు చెప్పి అచ్చట మనుష్యులే లేనట్లు తోపింతురు. విరూపాక్షాలయమున నేటికి పూజ జరుగుచున్నది. కమలాపురమున, ఆనెగొందిలో సేద్యము చేసికొనువారున్నారు. విరూపాక్షుని వీథిలోని పాతమంటపములలో ఇండ్లు, అంగళ్లు పెట్టుకొని తరతరములుగ బ్రతికిన కుటుంబములను 2011లో అధికారులు ఖాళీచేయించి వారి కట్టడములను పడగొట్టిరి. పురాతన మంటపములను కాపాడుట ప్రభుత్వమునకు విధి. ఆ వాదమున బలము గలదు. అంగడివీథిగా కట్టిన వీథిలో అంగడి పెట్టుట అపరాధ మెట్లైనదని అడిగినవారి మాటయు తేలికగా త్రోసివేయదగినది గాదు. ఈ తగవును యాత్రికులముందు పెట్టవచ్చును. ఖాళీయైన ఆ వీథిలో నిలిచి, "ఆహా, ఎంత ప్రశాంతముగ నున్నది" అని వారు మురియుచుండగా, ఆ ప్రశాంతి ఎట్లు వచ్చెనో చెప్పువారు లేకపోయిరి.

మార్గదర్శకుని నిందించి ప్రయోజనము లేదు. వినువారు మెచ్చిన కథనే ఆతడు చెప్పును. మెప్పులోనే ఆతని బహుమానమున్నది. తెలుగు గుంపుకు తెలుగుకవులను, కన్నడ గుంపుకు హరిదాసులను ముందుపెట్టుట మేము స్వయముగ వింటిమి. కావున సంస్కారము శ్రోతలనుండి మొదలు కావలెను. బయలుదేఱుటకు ముందు ఇంటిల్లిపాది కూర్చుండి విజయనగర చరిత్రనుగూర్చి ఒక అధ్యాయమైన చదువుకొనవలెను. ఏ అద్భుతము చెప్పినను, "ఇది ఎట్లు తెలిసినది? శాసనముననా, యాత్రికుని వ్రాతయందా, జనశ్రుతియా?" అని మర్యాదతో అడుగుట పిల్లలకు నేర్పవలెను. యాత్ర నడపువారు రెండుదినములలో ఒక పూట నీటికిని, పనివారి గుర్తులకును కేటాయింపవలెను. ఆ పరిసరగ్రామములలోని చదువుకొన్న స్త్రీలకు మార్గదర్శకత్వము నేర్పి జీతమిచ్చి నియమింపవలెను. అంతఃపురపు ఆవరణలో నిలిచి స్త్రీ చెప్పుచుండగా ఆ పరిహాసపు కథలు వాటంతట అవియే మానును.

యుద్ధమున ఓడిన తరువాత రాజవంశము పెనుగొండకు, పిమ్మట చంద్రగిరికి చేరెను. ఆ రెండు కోటలును మన రాష్ట్రమునందే యున్నవి. హంపీకి పోవు తెలుగుకుటుంబములు దారిలో వానినిగూడ చూడవచ్చును. హంపీలో మాత్రము, రాతిరథమునొద్ద ఛాయాచిత్రము తీసికొన్న పిమ్మట, ఆ కాలువయొడ్డున పదినిముసములు బండి నిలుపుమని అడుగుడు. అందులకు వేఱు రుసుము లేదు.