లేని తల

మాది ఆదిలాబాద్ వైపు. అందుకే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని డైనోసార్‌ని చూసినప్పుడు ముందు పేరు చదివాను: కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1988లో పి. యాదగిరి పెట్టిన పేరు. అందులో రెండు ఊళ్లున్నాయి. ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్రలో కోట, ఇవతల ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి.

నిలబెట్టిన తీరు బాగుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే మన సైజు మనకు తెలుస్తది. కానీ దీన్ని ఒక్క జంతువు కథలా చదవలేం. 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవి. పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. అంటే మనం చూసే తల ఊహించి చేసింది.

నా పేచీ ఇక్కడే. ఊహ తప్పని కాదు, దగ్గరి జాతుల్ని చూసి చేసే ఊహకు శాస్త్రంలో చోటుంది. కానీ మా కోడింగ్‌లో డేటా లేనిచోట ఏదో ఒక విలువ నింపేస్తే, అక్కడ ఖాళీ ఉండేదన్న సంగతే మరుగున పడుతుంది. ఇక్కడా అంతే. అందరి కళ్లూ ముందు ఆ తల మీదికే పోతాయి.

నేనైతే మెడ దగ్గరే ఆపేసి, ఆ రెండు పళ్లని పక్కన పెట్టేవాణ్ని. అప్పుడు ఏ పిల్లో "తల ఏది?" అని అడుగుతది. జవాబు చెప్పాలంటే యామన్‌పల్లి నేల దాకా పోవాలె.